వజ్రపుటుంగరం: బడ్జెట్‌లో కట్‌కి ఎంత చోటివ్వాలి, దేన్ని తగ్గించుకోవాలి?

క్లుప్తంగా

వజ్రం మెరుపు ప్రధానంగా దాని కోత మీద, అంటే కట్ మీద ఆధారపడుతుంది. మన దుకాణాల్లో మాత్రం రేటు రంగుని, స్వచ్ఛతని, బరువుని బట్టి చెబుతారు. కట్ ప్రస్తావన కొనేవాళ్లు అడిగితేనే వస్తుంది. డబ్బు పరిమితంగా ఉన్నప్పుడు కంటికి ఆనని స్వచ్ఛతలో ఒకటి రెండు మెట్లు దిగి, బరువుని గుండ్రటి అంకెకి కాస్త కిందికి తెచ్చి, మిగిలినది కట్ మీద పెడితే అదే ఖర్చులో ఉంగరం బాగా మెరుస్తుంది.

రేటులో వినిపించని మాట

2025 ఏప్రిల్‌లో పది గ్రాముల మేలిమి బంగారం మొదటిసారి లక్ష రూపాయలు దాటింది. ఆ తర్వాత చాలా ఇళ్లలో పెళ్లి నగల లెక్కలు మారాయి. నిశ్చితార్థం ఉంగరం మట్టుకు తక్కువ బంగారంలో ఒక్క వజ్రం పొదిగించుకుందామని అనుకునేవాళ్లు విజయనగరం గంటస్తంభం దగ్గరైనా, శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలి వైపైనా, నరసన్నపేట బజారులోనైనా కనిపిస్తారు. బంగారం కొనడంలో మనవాళ్లది తరాల అనుభవం. ఇవాళ్టి రేటెంత, తరుగెంత, మజూరీ ఎంత అని గట్టిగా అడిగి తగ్గించుకుంటారు. వజ్రం దగ్గరికి వచ్చేసరికి ఆ ధైర్యం సడలుతుంది. పేపర్లో రోజూ పడే రేటు వజ్రానికి లేదు మరి.

కౌంటర్ దగ్గర సాధారణంగా వినిపించేవి "ఈఎఫ్ వీవీఎస్", "జీహెచ్ వీఎస్", "ఐజే ఎస్ఐ" వంటి మాటలు. మొదటి రెండక్షరాలు రంగుని చెబుతాయి, ఈఎఫ్ అంటే ఈ లేదా ఎఫ్ అని. డీ అంటే ఏ రంగూ లేనిది, అక్కడి నుంచి జెడ్ వరకు దిగేకొద్దీ పసుపు ఛాయ పెరుగుతుంది. తర్వాతి అక్షరాలు స్వచ్ఛతవి, అంటే రాయి లోపల మచ్చలూ గీతలూ ఏ మేరకు ఉన్నాయన్నది. ఈ మూడింటిలో వీవీఎస్ పై మెట్టు, దాని కింద వీఎస్, ఆ కింద ఎస్ఐ. వీటికి క్యారెట్ ధర కడతారు, దాన్ని బరువుతో గుణిస్తారు, లెక్క తేలిపోతుంది. రాయిని మెరిపించే కట్ ఈ గుణకారంలో ఎక్కడా కనపడదు. కొనేవాళ్లు తికమకపడటానికి అసలు కారణం ఇదే.

మాటల దగ్గరే ఇంకో రెండు చిక్కులున్నాయి. బంగారానికి క్యారెట్ అంటే నాణ్యత: 24లో 18 వంతులు బంగారమైతే 18 క్యారెట్లు. వజ్రానికి క్యారెట్ అంటే బరువు: 0.2 గ్రాములు, అందులో నూరో వంతు ఒక సెంటు. అలాగే కట్ అనగానే కొందరు రౌండ్, ప్రిన్సెస్, ఓవల్ లాంటి ఆకారాన్ని చూపిస్తారు. ఇక్కడ మాట్లాడుకునే కట్ వేరు. ఆ ఆకారంలో ముఖాలను ఏ కోణాల్లో, ఏ కొలతల్లో, ఎంత తీరుగా చెక్కారన్నది.

వెలుగు ఎలా తిరిగొస్తుంది

చెరువులో మునిగి కళ్లు తెరిచి పైకి చూసినవాళ్లకి ఒక సంగతి తెలుసు. నెత్తిమీద ఆకాశం కనిపిస్తుంది. చూపు కాస్త ఏటవాలుగా తిప్పితే నీటి పైపొర అద్దంలా మారిపోయి చెరువు అడుగే అందులో కనిపిస్తుంది. నీళ్లలోంచి బయటికి పోయే వెలుగు నిలువు నుంచి సుమారు 48.6 డిగ్రీలకు మించి వాలితే గాలిలోకి దాటలేదు, వెనక్కి తిరుగుతుంది. వజ్రంలో ఈ హద్దు 24.4 డిగ్రీలే. అంటే వజ్రంలోకి దిగిన వెలుగుకి బయటపడే దారులు చాలా తక్కువ. ఏమాత్రం వాలుగా తగిలినా లోపలికే తిరుగుతుంది. ఈ గుణం ప్రకృతి ఇచ్చింది. దాన్ని మెరుపుగా మార్చేది చెక్కే మనిషి చెయ్యి.

గుండ్రటి బ్రిలియంట్ వజ్రానికి 57 ముఖాలుంటాయి, అడుగు మొనని కూడా సాన పడితే 58. పైన చదునుగా ఉండేది టేబుల్, దాని చుట్టూ వాలుగా దిగేది క్రౌన్, నడుము భాగం గర్డిల్, కిందికి గరాటులా కూచిగా దిగేది పెవిలియన్. టేబుల్‌లోంచి దిగిన వెలుగు పెవిలియన్ ఒక గోడకి తగిలి, ఎదుటి గోడకి మళ్లి, అక్కడి నుంచి పైకి లేచి చూసేవాళ్ల కంట్లో పడాలి. గోడల వాలు సరిగ్గా ఉంటేనే ఇది జరుగుతుంది. వాలు ఎక్కువైతే వెలుగు రెండో గోడని దాటి కిందికి జారిపోతుంది, రాయి నడిమధ్య మేకు తలలా నల్లగా కనిపిస్తుంది. వాలు తక్కువైతే గర్డిల్ నీడ టేబుల్‌లో బూడిదరంగు వలయంలా తేలుతుంది. దాన్ని వ్యాపారులు చేపకన్ను అంటారు.

మార్సెల్ టోల్కోవ్‌స్కీ 1919లో ఈ కోణాలను లెక్క కట్టి చూపించాడు: పెవిలియన్ 40.75 డిగ్రీలు, క్రౌన్ 34.5 డిగ్రీలు, టేబుల్ వెడల్పు మొత్తం వ్యాసంలో 53 శాతం. ఈనాటికీ మంచి రాళ్లు ఈ అంకెల చుట్టూనే ఉంటాయి. టేబుల్ 54 నుంచి 58 శాతం, క్రౌన్ 34 నుంచి 35 డిగ్రీలు, పెవిలియన్ 40.6 నుంచి 41 డిగ్రీలు, మొత్తం లోతు వ్యాసంలో 60 నుంచి 62 శాతం చిల్లర ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు. అంకెల్లో తేడా ఒకటి రెండు డిగ్రీలే, కానీ రెండు రాళ్లు పక్కపక్కన పెట్టి చూస్తే చదువురాని కంటికి కూడా ఏది బతికున్నదో, ఏది మసకేసిందో తెలిసిపోతుంది.

సరైన కోణాలు తెలిసి కూడా తప్పుగా ఎందుకు చెక్కుతారు?

నూరేళ్ల కింద తేలిపోయిన లెక్కని పక్కన పెట్టి అడుగు మరీ లోతుగా దిగిన రాళ్లు ఇంకా ఎందుకొస్తున్నాయన్నది న్యాయమైన ప్రశ్న. చెక్కేవాళ్లకి చేతకాక కాదు. ప్రపంచంలో వజ్రాలకు సాన పట్టే పనిలో అత్యధిక భాగం జరిగే సూరత్‌లో నైపుణ్యానికి కొదవలేదు. కారణం ధరల మెట్లలో ఉంది.

ముడి వజ్రాన్ని చెక్కితే సగం బరువు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ, పొడిగా పోతుంది. పైగా క్యారెట్ రేటు సాఫీగా పెరగదు. 30 సెంట్లు, 50 సెంట్లు, 70 సెంట్లు, 90 సెంట్లు, ఒక క్యారెట్ దగ్గర మెట్టెక్కినట్టు పెరుగుతుంది. ఒక ముడి రాయిని చక్కటి కోణాల్లో చెక్కితే 46 సెంట్లు వస్తుందనుకుందాం. అదే రాయికి నడుము మందంగా, అడుగు లోతుగా వదిలేస్తే 50 సెంట్లు తూగుతుంది. రెండో పద్ధతిలో బరువు పెరగడమే కాదు, మొత్తం రాయికే పై మెట్టు రేటు వస్తుంది. కొనేవాళ్లు కట్ అడగరని తెలిసిన బజారులో చెక్కేవాడు ఏ దారి పట్టేదీ ఊహించడం కష్టం కాదు.

బరువుకీ మెరుపుకీ మధ్య ఈ లాగులాట పాతదే. దీనికి అందరికీ తెలిసిన సాక్ష్యం కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పుకునే కోహినూరు. 1851లో లండన్ మహా ప్రదర్శనలో దాన్ని పెట్టినప్పుడు, అంత పేరున్న రాయి ఇంత మసకగా ఉందేమిటని జనం పెదవి విరిచారు. ఇప్పటి కొలతలో సుమారు 191 క్యారెట్ల ఆ రాయిని మరుసటి ఏడాది మళ్లీ చెక్కించారు. మిగిలింది 105.6 క్యారెట్లు. మెరుపు కోసం నలభై శాతానికి పైగా బరువు వదులుకోవాల్సి వచ్చింది. ఒక రాజకుటుంబం భరించిన ఆ నష్టాన్ని వ్యాపారి ప్రతి రాయి మీదా భరించడు. అందుకే మంచి కట్‌కి ధర ఎక్కువ. ఆ ఎక్కువ ధరలో చాలా భాగం పొడిగా పోయిన వజ్రానిదే.

శ్రీకాకుళం జిల్లాలో ఈ తర్కం కొత్తగా చెప్పాల్సిన పని లేదు. పొందూరు ఖద్దరుని బరువు చూసి ఎవరూ బేరమాడరు. నూరో నంబరు నూలుతో నేసిన పంచె చేతిలో పట్టుకుంటే బరువే ఉండదు, ధర మాత్రం దాని సన్నదనానికే.

మనవాళ్లు ముందు దోషం ఎందుకు చూస్తారు

వజ్రం అనగానే పెద్దవాళ్లు అడిగే మొదటి మాట "దోషం ఏమైనా ఉందా?" అని. ఇది ఊరికే వచ్చిన అలవాటు కాదు. మన రత్నశాస్త్రాలు వజ్రాన్ని పరీక్షించే కాలంలో ముఖాలు చెక్కే పద్ధతి లేదు. ఆరు కొనలు, ఎనిమిది తలాలతో భూమిలోంచి సహజంగా వచ్చిన రాయినే ఉత్తమమన్నారు. అందువల్ల నాణ్యత అంటే లోపల బిందువు, రేఖ, కాకిపాదం వంటివి లేకపోవడమే. కాకిపాదం ఉన్న వజ్రం కీడు చేస్తుందన్న నమ్మకం ఇప్పటికీ ఇళ్లలో వినిపిస్తుంది. అప్పటి రాయికి ఆ కొలమానం సరిపోయింది. 57 ముఖాలు చెక్కిన ఇప్పటి రాయికి అదొక్కటే సరిపోదు.

వీవీఎస్ రాయి లోపలి చుక్క పదింతలు పెంచి చూపే భూతద్దంలో కూడా నిపుణులకి వెతికితేగానీ దొరకదు. వీఎస్‌లో అదే భూతద్దంలో కనిపిస్తుంది, మామూలు కంటికి కనిపించదు. అర క్యారెట్ లోపు రాళ్లలో ఎస్ఐలో పై మెట్టైన ఎస్ఐ1 కూడా చాలావరకు కంటికి శుభ్రంగానే ఉంటుంది, కాకపోతే ఒక్కో రాయినీ చూసి తీసుకోవాలి. నమ్మకం కోసం వీవీఎస్ కావాలనుకునే కుటుంబం దానికి డబ్బు పెట్టడంలో తప్పు లేదు. అయితే ఆ డబ్బు మనశ్శాంతి కోసం పెడుతున్నదని తెలిసి పెట్టాలి. మెరుపు దానివల్ల పెరగదు.

రంగు విషయంలోనూ ఇంతే. పసుపు బంగారంలో పొదిగిన రాయి మీద ఆ బంగారం ఛాయే పడుతుంది. అలాంటప్పుడు డీ, ఈ రంగులకు పెట్టిన ఎక్కువ ధర కంటికి అందదు. జీ, హెచ్ రాళ్లు తెల్లగానే కనిపిస్తాయి, ఐ కూడా నప్పుతుంది. తెల్ల బంగారంలోనో ప్లాటినంలోనో పొదిగిస్తే మాత్రం ఒక మెట్టు పైకి వెళ్లడం మంచిది. ముందుతరం వాళ్లు మెచ్చుకుంటూ చెప్పే "బ్లూ జాగర్" అన్నది దక్షిణాఫ్రికాలోని జాగర్స్‌ఫాంటీన్ గని పేరు మీద వచ్చిన పాత వాడుక. ఎండలో లేత నీలి ఛాయ కొట్టే తెల్లటి రాయికి ఆ పేరు స్థిరపడింది. ఇప్పటి సర్టిఫికెట్లలో ఆ మాట ఉండదు, ఫ్లోరోసెన్స్ (అతినీలలోహిత కాంతి తగిలితే రాయి వెలిగే గుణం) అన్న గడి ఉంటుంది.

రెండు రాళ్లు పక్కపక్కన

రెండు రాళ్లు పోల్చి చూద్దాం. మొదటిది 50 సెంట్లు, ఈఎఫ్ రంగు, వీవీఎస్, కట్ "గుడ్", లోతు ఎక్కువ. రెండోది 46 సెంట్లు, జీహెచ్ రంగు, వీఎస్, కట్ "ఎక్సలెంట్". కాగితం మీద చూస్తే మొదటిదే మూడు విధాలా మిన్న. రెండోదానికి సాధారణంగా మొదటిదాని కంటే తక్కువే అవుతుంది, ఎందుకంటే అది రంగులో, స్వచ్ఛతలో, బరువు మెట్టులో మూడుచోట్ల కిందికి దిగింది.

ఇప్పుడు వేలికి పెట్టి చూడాలి. చక్కగా చెక్కిన ఒక క్యారెట్ గుండ్రటి వజ్రం వ్యాసం సుమారు 6.4 మిల్లీమీటర్లు, అర క్యారెట్‌ది 5.1, 30 సెంట్లది 4.3. మొదటి రాయి 50 సెంట్లే అయినా బరువంతా అడుగున దాక్కుంది కాబట్టి పైనుంచి 4.9 మిల్లీమీటర్లే కనిపించవచ్చు. రెండోది 46 సెంట్లకే 5 మిల్లీమీటర్లు పరుచుకుంటుంది. అంటే తక్కువ బరువున్న రాయి పెద్దగా కనిపిస్తుంది, ఎక్కువ మెరుస్తుంది, ఖర్చూ తగ్గుతుంది. వజ్రం కొనుగోలులో ఇంతకంటే స్పష్టమైన లాభం ఇంకోచోట దొరకదు.

అలాగని కట్ పేరు చెప్పి ఎంతైనా పెట్టాలని కాదు. అమెరికాలోని జీఐఏ సంస్థ గుండ్రటి వజ్రాలకు 2006 నుంచి ఎక్సలెంట్, వెరీ గుడ్, గుడ్, ఫెయిర్, పూర్ అని అయిదు కట్ గ్రేడ్లు ఇస్తోంది. కట్, పాలిష్ (ముఖాల నునుపు), సిమెట్రీ (ముఖాల పొందిక) మూడూ ఎక్సలెంట్ అయితే బజారులో "త్రిబుల్ ఎక్స్" అంటారు. పాలిష్, సిమెట్రీల్లో వెరీ గుడ్ ఉన్నంత మాత్రాన కంటికి తేడా తెలియదు. గట్టిగా పట్టుకోవాల్సింది కట్ గ్రేడునే. గుడ్ నుంచి ఎక్సలెంట్‌కి ఎక్కడం ఎప్పుడూ లాభమే. ఎక్సలెంట్‌లోనే ఇంకా మేలైన రకమంటూ ప్రత్యేకమైన పేర్లతో అమ్మేవాటికి అదనంగా పెట్టడం మాత్రం బడ్జెట్ ధారాళంగా ఉన్నవాళ్ల సంగతి.

ఓవల్, పియర్, ప్రిన్సెస్ ఆకారాలకు జీఐఏ కట్ గ్రేడు ఇవ్వదు. అక్కడ కంటిని నమ్ముకోక తప్పదు. మొదటిసారి కొనేవాళ్లకి గుండ్రటిదే సులువు.

ఏడు రాళ్ల పొదుగు

పెద్ద రాయికి డబ్బు చాలనప్పుడు దుకాణంలో చూపించే మరో దారి, ఏడు చిన్న రాళ్లను దగ్గరగా పొదిగి ఒకే రాయిలా కనిపించేలా చేసిన ఉంగరం. ఏడు రాళ్ల దుద్దులు అలవాటైన మన కళ్లకి ఇది కొత్త కాదు. అయిదేసి సెంట్ల రాళ్లు ఏడు కలిపితే 35 సెంట్లు. క్యారెట్ రేటు చిన్న రాళ్లకి బాగా తక్కువ కాబట్టి ధర కలిసొస్తుంది. ఇంత చిన్న రాళ్లకు విడివిడిగా సర్టిఫికెట్లు రావు, కట్ వివరమూ రాదు. ఏడింటిలో ఒకటి రెండు మందకొడిగా ఉంటే పువ్వులో ఒక రేకు వాడినట్టు ఉంటుంది. కాబట్టి ఉంగరాన్ని నెమ్మదిగా తిప్పుతూ ఏడూ ఒకేలా స్పందిస్తున్నాయో లేదో చూడాలి.

ల్యాబ్‌లో పెంచిన వజ్రం లెక్క వేరు

సీవీడీ (వాయువు నుంచి పొరలుగా పెంచడం), హెచ్‌పీహెచ్‌టీ (విపరీతమైన ఒత్తిడిలో, వేడిలో పెంచడం) పద్ధతుల్లో పెంచిన వజ్రం కూడా వజ్రమే. వెలుగు దానిలోనూ అవే కోణాల్లో తిరుగుతుంది. ధర సహజ వజ్రంతో పోలిస్తే చాలా తక్కువ, గత కొన్నేళ్లలో ఇంకా పడిపోయింది. మన ప్రభుత్వం 2023 బడ్జెట్‌లో వీటి విత్తనాలపై, అంటే పెంచడానికి మొదట పెట్టే చిన్న వజ్రపు పలకలపై, దిగుమతి సుంకం ఎత్తేసి, పరిశోధన కోసం ఐఐటీ మద్రాసుకి నిధులిచ్చింది.

కట్ విషయానికొస్తే ఇక్కడ ఒక తేడా ఉంది. ముడిరాయి చవక కాబట్టి బరువు మిగుల్చుకునేందుకు కోణాలు చెడగొట్టాల్సిన అవసరం చెక్కేవాడికి తక్కువ. అందువల్ల ల్యాబ్ వజ్రంలో ఎక్సలెంట్‌కి తగ్గింది తీసుకోవడానికి కారణమే లేదు. కానీ తిరిగి అమ్మితే వచ్చేది బహు స్వల్పం. పెట్టిన డబ్బు ఎప్పటికైనా అక్కరకొస్తుందన్న ఆలోచనతో కొనే ఇళ్లు ఈ సంగతి ముందే మాట్లాడుకోవాలి. దుకాణాల్లో వాడే చిన్న టెస్టర్ పెన్ను వేడి ఎలా పాకుతుందో చూస్తుంది. అది సహజ వజ్రాన్నీ ల్యాబ్ వజ్రాన్నీ వేరు చేయలేదు. సర్టిఫికెట్‌లో ఏమని రాశారో అదే ఆధారం.

కాగితాలు, బిల్లు

బీఐఎస్ (ప్రభుత్వ ప్రమాణాల సంస్థ) హాల్‌మార్క్, అక్షరాలూ అంకెలూ కలిపి ఆరుండే హెచ్‌యూఐడీ అన్న గుర్తింపు కోడ్ బంగారానికి సంబంధించినవి. 18 క్యారెట్ల ఉంగరం మీద 750 అన్న అంకె ఉంటుంది, హెచ్‌యూఐడీని బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు. వజ్రం గురించి అవి ఒక్క ముక్కా చెప్పవు. దానికి జీఐఏ, ఐజీఐ వంటి వజ్రాలు పరీక్షించే ల్యాబ్ ఇచ్చిన నివేదిక వేరే ఉండాలి. ఇందులోనూ రెండు రకాలు. విడి రాయిగా ఉన్నప్పుడు పరీక్షించి ఇచ్చిన నివేదికలో కట్ గ్రేడు, కోణాలు, కొలతలు అన్నీ ఉంటాయి. ఉంగరంలో పొదిగాక ఇచ్చే చిన్న నగ కార్డులో చాలాసార్లు కట్ గడే ఉండదు, రంగూ స్వచ్ఛతా కూడా పొదుగు కనిపించనిచ్చినంత మేరకు వేసిన అంచనాలే. పాతిక ముప్పై సెంట్లు దాటిన ఒంటిరాయి ఉంగరానికి మొదటి రకం నివేదిక అడగాలి. రాయి నడుము మీద లేజర్‌తో చెక్కిన నంబరూ నివేదికలోని నంబరూ ఒకటేనా అని భూతద్దంలో చూపించమనాలి. అడిగితే చూపించకుండా దాటవేసే చోట ఒంటిరాయి కొనకపోవడమే మేలు.

బిల్లులో రాళ్ల బరువు తీసేశాక మిగిలిన నికర బరువుకే బంగారం ధర కట్టాలి. 50 సెంట్ల రాయి 0.1 గ్రాము తూగుతుంది. గ్రాము పదివేలు అనుకుంటే, ఆ తీసివేత మరిచిపోయిన బిల్లులో వెయ్యి రూపాయలు ఎక్కువ పడినట్టే. నగ మీద జీఎస్టీ 3 శాతం. మార్పిడికి ఎంత ఇస్తారు, నగదుకి ఎంత ఇస్తారు అన్నవి దుకాణాన్ని బట్టి మారతాయి కాబట్టి ఆ మాట బిల్లు మీదే రాయించుకోవాలి.

స్పాట్‌లైట్ దాటి చూడాలి

నగల కౌంటర్ మీద పైనుంచి పడే చిన్న చిన్న లైట్ల కింద ఏ రాయైనా మెరుస్తుంది. సేల్స్‌మన్ నల్లటి ట్రేలో ఉంగరాన్ని అటూ ఇటూ ఊపుతుంటే రంగు నిప్పులు రాలుతున్నట్టే ఉంటుంది. కట్‌ని పరీక్షించే చోటు అది కాదు. ఉంగరం వేలికి పెట్టుకుని, వీధి గుమ్మం దాకా వచ్చి, ఎండ నేరుగా పడని పగటి వెలుతురులో చెయ్యి చాచి చూడాలి. తర్వాత రెండో చేత్తో పైన నీడ పట్టాలి. మంచి కట్ ఉన్న రాయి ఆ నీడలో కూడా అంచు నుంచి అంచు దాకా వెలుగు పట్టుకుని ఉంటుంది. లోతు రాయి మధ్యలో చీకటి చుక్క పడి, చుట్టూ పొగమంచు కప్పినట్టుంటుంది. కొట్లో ఉన్న రెండు మూడు రాళ్లను ఇలా వరసగా చూస్తే సర్టిఫికెట్ తెరవకముందే సగం తీర్పు అయిపోతుంది.

కొన్నాక కూడా ఒక పని ఉంది. వజ్రానికి నూనె ఇట్టే అంటుకుంటుంది. తలకి నూనె రాసిన చెయ్యి, పోపు పెట్టిన చెయ్యి, పసుపు కలిపిన చెయ్యి అన్నీ రాయి కింద పెవిలియన్ మీద సన్నటి పొర వేస్తాయి. వెనకవైపు మూసేసిన పాతకాలపు పొదుగులో ఆ పొర చేరితే తీయడం కష్టం, వెనక తెరిచి ఉన్న కొక్కేల పొదుగులో తేలిక. గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ వేసి, పావుగంట నానబెట్టి, మెత్తటి పాత టూత్‌బ్రష్‌తో ముఖ్యంగా వెనకవైపు రుద్దాలి. కాలువ రంధ్రం మీద గుడ్డ అడ్డం పెట్టుకుని మరీ కడగాలి.